మోకాలికి 'గోల్డ్' పూత: రాపిడి తగ్గితే మన్నిక పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. రెండు మోకాళ్లలో గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, మార్పిడి తప్పదన్నారు. మేము ఖమ్మంలో ఉంటాం. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చూపిస్తే, మామూలు ఇంప్లాంట్ బదులు 'గోల్డ్' పూత ఉన్నది వేయించుకోమని సలహా ఇచ్చారు. దానికి రాపిడి తక్కువట, ముప్పై ఏళ్లు ఢోకా లేదట. ఒక్కో మోకాలికి 80 వేలు అదనం. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఎక్కడో చదివి, అంతకంటే మంచిది వజ్రం లాంటి పూత ఉంది, దాని సంగతి అడుగు అంటున్నాడు. నాన్న మాత్రం ఇదంతా డబ్బులు గుంజే వ్యవహారమని కొట్టిపారేస్తున్నారు. అమ్మకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండు పడతాయి, అంతకుమించి వేరే ఇబ్బందులేమీ లేవు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాట గిల్టు కమ్మల గురించి రాసినది. మీరు దాన్ని అలవోకగా రాసి వదిలేశారు, ఆసుపత్రిలో బహుశా చెప్పి కూడా ఉండరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఒక మాట. నేను డాక్టర్ని కాను. లోహాల మీద పూతలు వేయడం, వేసినవాటిని యంత్రాల మీద అరగదీసి చూడటం నా వృత్తి. పూతలంటే ఇష్టమున్నవాణ్ణే. అయినా చెబుతున్నాను, రాపిడి తగ్గుతుందన్న ఒక్క కారణంతోనే అయితే ఆ 80 వేలు పెట్టకండి.

మోకాలి మార్పిడిలో ఏం పెడతారో చూద్దాం. తొడ ఎముక చివర అరిగిన భాగాన్ని పలుచగా కోసి, దాని మీద వంపు తిరిగిన లోహపు తొడుగు బిగిస్తారు. అది మామూలుగా కోబాల్ట్-క్రోమియం మిశ్రమ లోహం, అద్దంలా మెరుగు పెట్టి ఉంటుంది. కింది ఎముక మీద ఒక లోహపు పళ్లెం, ఆ పళ్లెంలో పాలిథిలిన్ అనే గట్టి ప్లాస్టిక్ దిమ్మ. మోకాలు వంచినప్పుడల్లా పైనున్న లోహం ఈ ప్లాస్టిక్ మీద జారుతుంది. అరిగేది ప్లాస్టిక్కే. సూక్ష్మమైన పొడిగా రాలుతుంది. ఆ పొడి రేణువులను తినేయడానికి ఒంట్లోని రక్షణ కణాలు వస్తాయి, అవి వాటిని జీర్ణం చేసుకోలేక రెచ్చిపోతాయి, ఆ రెచ్చిపోవడంలో చుట్టుపక్కల ఎముక కరిగిపోతుంది. ఇంప్లాంట్ వదులవుతుంది. పూతల వెనకున్న ఆలోచనంతా ఈ పొడిని తగ్గించడానికే.

'గోల్డ్' పూతలో బంగారం వీసమెత్తు కూడా ఉండదు. అది టైటానియం నైట్రైడ్, లేదా అందులో కాస్త నియోబియం కలిపినది. రంగు మాత్రం సహజంగానే పసిడి రంగు. హార్డ్‌వేర్ దుకాణంలో పసుపుపచ్చగా మెరిసే డ్రిల్ బిట్లు చూసే ఉంటారు, వాటి మీదున్నదీ ఇదే పదార్థం. గాలి తీసేసిన గదిలో టైటానియంను ఆవిరి చేసి, నైట్రోజన్‌తో కలిపి, వేడి చేసిన ఇంప్లాంట్ మీద కూర్చోబెడతారు. మందం కొద్ది మైక్రాన్లు మాత్రమే, మన తల వెంట్రుకలో పదో వంతు కంటే తక్కువ. కాఠిన్యంలో మాత్రం కోబాల్ట్-క్రోమియంకు ఎన్నో రెట్లు. జిర్కోనియం నైట్రైడ్‌ను పై పొరగా వేసి, కింద మరికొన్ని పొరలతో మొత్తం ఏడు పొరలు పేర్చే రకం కూడా మార్కెట్లో ఉంది. నల్లగా ఉండే 'ఆక్సీనియం' మాత్రం అసలు పూతే కాదు. జిర్కోనియం-నియోబియం లోహాన్ని గాలిలో కాల్చినప్పుడు దాని పై పొర సుమారు 5 మైక్రాన్ల మందాన సిరామిక్‌గా మారిపోతుంది. పైన అతికించినది కాదు కాబట్టి పెచ్చులుగా ఊడిపోయే భయం తక్కువ. నాకు వీటిలో ఎక్కువ గౌరవం ఉన్నది దీని మీదే.

గట్టి ఉపరితలం వల్ల లాభం ఒకటుంది, నిజమే. ఆపరేషన్‌లో వాడే ఎముక సిమెంటు రేణువులు, ఎముక ముక్కలు లోహానికీ ప్లాస్టిక్‌కీ మధ్య చిక్కుకుంటే కోబాల్ట్-క్రోమియం మీద గీతలు పడతాయి. మామూలు లోహం మీద గీత పడితే, నాగలి చాలుకు రెండు పక్కలా మట్టి లేచినట్టు, అంచులు పైకి లేస్తాయి. ప్లాస్టిక్‌ను కోసేది ఆ అంచులే. సిరామిక్ లాంటి ఉపరితలం మీద గీత పడటమే కష్టం, పడినా అంచు లేవదు. మీ డాక్టరుగారికి కంపెనీవాళ్లు చూపించే గ్రాఫుల్లో ఉండేది ఈ లాభమే.

ఆ గ్రాఫులు ఎలా తయారవుతాయో దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి చెబుతాను. మోకాలి సిమ్యులేటర్ అనే యంత్రంలో ఇంప్లాంట్ బిగిస్తారు. చుట్టూ దూడ రక్తం నుంచి తీసిన సీరం పోస్తారు, కీలులోని ద్రవానికి అదే దగ్గరి ప్రత్యామ్నాయం. శరీరపు వేడిలో, సెకనుకు ఒక అడుగు చొప్పున, మనిషి నడకలో పడే బరువు వేస్తూ యాభై లక్షల సార్లు ఆడిస్తారు. ఆపకుండా నడిపితే రెండు నెలలు పడుతుంది. మధ్యమధ్య ఆపి, ప్లాస్టిక్ దిమ్మను కడిగి, ఆరబెట్టి, తూచి, ఎన్ని మిల్లీగ్రాములు తగ్గిందో చూస్తారు. ఇక్కడొక చిక్కు. ప్లాస్టిక్ సీరాన్ని కొంచెం పీల్చుకుని బరువెక్కుతుంది, అరిగినా అరగనట్టు కనిపిస్తుంది. అందుకే కదలకుండా అదే ద్రవంలో నానబెట్టిన మరో దిమ్మను పక్కన పెట్టుకుని లెక్క సరిచేస్తారు. ఇంత జాగ్రత్తగా చేసే పరీక్ష కూడా ఒక మోకాలి ఐదేళ్ల నడకకే సమానం, ఎందుకంటే ఒక కాలు ఏడాదికి వేసే అడుగులు సుమారు పది లక్షలు. పైగా యంత్రం కింద కూర్చోదు, మెట్లు దిగదు, జారిపడదు, దానికి షుగర్ రాదు. 'ముప్పై ఏళ్లు' అన్న మాట ఇలాంటి పరీక్షలోంచి రాదు. ఈరోజు అమ్ముతున్న పూత, ఈరోజు వాడుతున్న ప్లాస్టిక్ కలిసి ముప్పై ఏళ్లు ఏ మనిషి మోకాలిలోనూ పనిచేసి ఉండవు.

రాపిడి తక్కువైతే మన్నిక ఎక్కువని అందరూ అనుకుంటారు. ఈ లెక్క తప్పని కీళ్ల మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ చాలా ఖరీదు చెల్లించి తెలుసుకున్నాడు. ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రి ఆయనది. 1950లలో యాక్రిలిక్ ప్లాస్టిక్ బంతితో తుంటి మార్పిడి చేయించుకున్న ఒకాయన ముందుకు వంగినప్పుడల్లా తుంటి కిర్రుమని మోగేదట, భార్య ఆ చప్పుడు భరించలేక ఆయన ఉన్న గదిలో ఉండలేకపోయేదట. అది విన్న చార్న్‌లీకి రాపిడి మీద పట్టుదల పెరిగింది. ఘనపదార్థాల్లో టెఫ్లాన్ కంటే జారేది మరొకటి లేదనిపించింది. 1958 నుంచి సుమారు మూడు వందల మందికి తుంటి బంతి కూర్చునే చోట టెఫ్లాన్ గిన్నెలు పెట్టాడు. రోగులు ఆనందంగా నడిచారు. రెండు మూడేళ్లలో లోహపు బంతి ఆ టెఫ్లాన్‌ను తొలుచుకుంటూ పోయింది, రాలిన పొడి చుట్టూ పెరుగు ముద్దలాంటి కణజాలం పేరుకుంది. వరసగా మళ్లీ కోసి తీయవలసి వచ్చింది. టెఫ్లాన్ పొడి ఒంటికి ఏం చేస్తుందో చూడటానికి ఆయన తన తొడలోకే ఎక్కించుకున్నాడు, ఆ మనిషి అలాంటివాడు. 1962లో ఒక సేల్స్‌మన్, మర మగ్గాల పళ్ల చక్రాలకు వాడే పాలిథిలిన్ ముక్క తెచ్చి ఇచ్చాడు. చార్న్‌లీ దాన్ని పట్టించుకోకపోతే, ఆయన దగ్గర పనిచేసే టెక్నీషియన్ హ్యారీ క్రేవెన్ తనంతట తానే యంత్రం మీద పెట్టాడు. వారాల తరబడి నడిపినా టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. జారుడులో అది టెఫ్లాన్ కంటే వెనకే. ఈరోజు మీ అమ్మగారి మోకాలిలో పెట్టబోయేది ఆ పాలిథిలిన్ వంశమే.

మీ తమ్ముడుగారి వజ్రం పూతకు వద్దాం. వజ్రం లాంటి కార్బన్ అంటారు దాన్ని. కంప్యూటర్ హార్డ్ డిస్కుల మీద, ఇంజిన్ భాగాల మీద అద్భుతంగా పనిచేస్తుంది. 1990లలో స్విట్జర్లాండ్‌లో తయారైన టైటానియం తుంటి బంతులకు ఈ పూత వేసి, ప్లాస్టిక్ గిన్నెకు జతగా రోగులకు అమర్చారు. ప్రయోగశాలలో ఫలితాలు బ్రహ్మాండం. తర్వాత రోగులను గమనిస్తూ పోయిన వైద్యులు చూసింది వేరు. ఎనిమిదిన్నరేళ్లకు దాదాపు సగం కీళ్లను మళ్లీ మార్చవలసి వచ్చింది, పోలికకు పెట్టుకున్న సిరామిక్ బంతులు వాటికంటే ఎంతో మెరుగ్గా నిలిచాయి. తీసిన బంతులను ఆ దేశపు పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, పూత అరగనే లేదు. ఊడిపోయింది. కంటికి కనిపించని సూదిమొన రంధ్రాల గుండా ఒంట్లోని ద్రవం దిగి, పూతను లోహానికి పట్టి ఉంచే పలుచని సిలికాన్ పొరను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తినేసింది. పట్టు పోయాక పూత పెచ్చులుగా లేచింది. ఆ పెచ్చులు ప్లాస్టిక్‌లో దిగబడి, కింద బయటపడిన మెత్తని టైటానియంను గీరేశాయి. మాలాంటివాళ్లకు ఇది కంఠస్థం కావలసిన పాఠం. పూతను పరీక్షించేటప్పుడు దాని పైభాగాన్ని అందరూ చూస్తారు, అడుగుభాగాన్ని చూసేవాళ్లు తక్కువ. మీ తమ్ముడుగారికి నా తరఫున చెప్పండి, ప్లాస్టిక్‌తో జతపరిచే మోకాలికి దాన్ని అడగవద్దు.

టైటానియం నైట్రైడ్ చరిత్ర అంత చెడ్డది కాదు, ఎన్నో ఏళ్లుగా మోకాళ్లలో వాడుతున్నారు. పెచ్చులూడిన కేసులు నమోదైనా, ఎక్కువ భాగం బాగానే నిలిచాయి. కాని 'బాగానే' అంటే మామూలువాటితో సమానంగా. పూత ఉన్నవీ లేనివీ చీటీలు వేసినట్టు పంచి రోగులకు అమర్చి, ఐదేళ్ల తర్వాత నొప్పి, నడక, వంపు, మళ్లీ ఆపరేషన్లు లెక్కపెట్టిన పరిశోధనల్లో తేడా కనిపించలేదు. ఆ దేశంలో జరిగే కీళ్ల మార్పిడులను నమోదు చేసే ఆస్ట్రేలియా జాతీయ కీళ్ల రిజిస్ట్రీ ఒకే డిజైన్‌లో ఆక్సీనియంనూ కోబాల్ట్-క్రోమియంనూ పోల్చింది. 17 వేలకు పైగా మోకాళ్లు, పన్నెండేళ్ల లెక్క. మళ్లీ ఆపరేషన్ అవసరం ఆక్సీనియంతో తగ్గలేదు. నేను ఎక్కువగా గౌరవించే పదార్థమే అది, అయినా లెక్క లెక్కే.

ఎందుకు తగ్గలేదు? మోకాలు మళ్లీ మార్చవలసి రావడానికి పెద్ద కారణాల్లో ఇన్‌ఫెక్షన్, ఇంప్లాంట్ వదులవడం, కాలు సరైన వరసలో కూర్చోకపోవడం, కీలు నిలకడ తప్పడం ఉంటాయి. వీటిలో చాలావాటికి పైలోహం జారుడుతో సంబంధం లేదు. పైగా 1990ల చివరి నుంచి ప్లాస్టిక్కే మారిపోయింది. రేడియేషన్‌తో అణువుల గొలుసులను ఒకదానికొకటి ముడివేసిన పాలిథిలిన్ వచ్చింది, ఆ తర్వాత విటమిన్-ఇ కలిపినది వచ్చింది. అరిగే వస్తువే అరగడం తగ్గించాక, దాని మీద జారేదాన్ని ఇంకా నున్నగా చేసినా మిగిలే లాభం కొంచెమే. అదనంగా డబ్బు పెట్టాలనే ఉంటే పూత గురించి కాకుండా ప్లాస్టిక్ ఏ రకమో అడగండి. వ్యాపార ప్రకటనల్లో దాని ఊసే ఉండదు, తెల్లటి ప్లాస్టిక్ దిమ్మ ఫొటోలో బంగారు రంగంత బాగా పడదు మరి.

మామూలు ఇంప్లాంట్ ఎన్నాళ్లు వస్తుందని మీకు సందేహం ఉంటుంది. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పూర్తి మోకాలి మార్పిడుల్లో నూటికి 82 దాకా పాతికేళ్లు నిలిచాయి. అవన్నీ పాతికేళ్ల కిందటి డిజైన్లు, పాతకాలపు ప్లాస్టిక్. మీ అమ్మగారికి 64. ఆ పై లెక్క మీరే వేసుకోండి.

ఇక గిల్టు కమ్మలు. చవక నగల్లో నికెల్ ఉంటుంది. దానివల్ల చెవి తమ్మెలు ఎర్రబడి, నీరు కారి, పుండు పడటం చాలామంది ఆడవాళ్లకు తెలిసిన బాధే. కోబాల్ట్-క్రోమియం ఇంప్లాంట్‌లో నికెల్ ఒక శాతం కూడా ఉండదు, అయినా కొంచెం ఉంటుంది. కోబాల్ట్, క్రోమియం కూడా కొందరికి పడవు. చర్మానికి పడనిది మోకాలికీ పడదని నియమం లేదు. నికెల్ పడని ఎంతోమంది మామూలు ఇంప్లాంట్లతో హాయిగా తిరుగుతున్నారు. చర్మం మీద పట్టీ అంటించి చేసే ప్యాచ్ పరీక్ష కూడా ఎవరి మోకాలు ఇబ్బంది పెడుతుందో నమ్మకంగా ముందే చెప్పలేదు. అయినా ఇలాంటి చరిత్ర ఉన్నవాళ్ల విషయంలో, మిగతా అన్నీ సమానమైనప్పుడు, లోహపు అయాన్లు, అంటే లోహం నుంచి ఒంట్లోని ద్రవంలోకి కరిగే అతి సూక్ష్మ కణాలు, తక్కువగా విడుదలయ్యే ఇంప్లాంట్ ఎంచుకోవడం చాలామంది సర్జన్ల పద్ధతి. పూతకు నిజమైన ఉపయోగం నా దృష్టిలో ఇక్కడే ఉంది. జారడానికి కాదు, లోహానికీ ఒంటికీ మధ్య అడ్డుగా నిలబడటానికి.

అందుకని సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు ముందు ఈ సంగతి చెప్పండి. గాజులు, గడియారం వెనక భాగం, జాకెట్టు హుక్కులు, వీటితో ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయేమో అమ్మగారిని అడిగి తెలుసుకుని వెళ్లండి. అవసరమనుకుంటే ఆయన చర్మవ్యాధుల డాక్టర్ దగ్గర ప్యాచ్ పరీక్ష చేయిస్తారు. అప్పుడు పూత మాట వస్తే అడగవలసిన ప్రశ్న రాపిడి ఎంతని కాదు. పూత తొడుగు లోపలివైపు కూడా ఉందా, లేక ప్లాస్టిక్ తగిలే మెరుగు ముఖానికేనా? కింది పళ్లెం ఏ లోహం? అది టైటానియం అయితే నికెల్ గొడవ అక్కడ లేనట్టే. పైతొడుగు బంగారు రంగులో మెరుస్తూ, కింద పూత లేని కోబాల్ట్-క్రోమియం పళ్లెం పెడితే మీరు డబ్బు పెట్టిన పని సగమే అయినట్టు. ఆక్సీనియంలో నికెల్ దాదాపు లేదు కాబట్టి అదీ ఒక దారి. పైతొడుగును ఉత్త టైటానియంతో చేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. టైటానియం ఎముకకు మంచి నేస్తం, జారే చోట మాత్రం పనికిరాదు. మెత్తనిది, త్వరగా గీరుకుపోతుంది. వెనకటి రోజుల్లో టైటానియం బంతులు పెట్టిన తుంటిలను తెరిచి చూస్తే చుట్టూ కండ నల్లగా మారి ఉండేది. అందుకే పూత లేకుండా దాన్ని ఆ పనికి వాడరు.

డబ్బు సంగతిలో మీ నాన్నగారి అనుమానం ఊరికే పోలేదు. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ, ఎన్‌పీపీఏ, 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. అప్పటి జాబితాలో మామూలు కోబాల్ట్-క్రోమియం మోకాలి మొత్తం సెట్టు 54,720 రూపాయలు. పూత ఉన్న టైటానియం, ఆక్సీనియం లాంటి ప్రత్యేక లోహాల సెట్టు దాదాపు 76,600. జీఎస్టీ అదనం. రెంటికీ తేడా 22 వేలకు కాస్త అటూ ఇటూ. ఆ పరిమితిని తర్వాత పొడిగిస్తూ వచ్చారు, తాజా అంకె సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీకు చెప్పిన 80 వేల అదనం ఈ తేడాతో ఎక్కడా పొంతన కుదరదు. ఆపరేషన్ ప్యాకేజీకి, గది అద్దెకు ఈ పరిమితి వర్తించదు కాబట్టి, మిగిలిన డబ్బు దేనికో మర్యాదగానే, కాని కాగితం మీద, విడగొట్టి రాసిమ్మని అడగండి. చాలాచోట్ల ఆ అడగడంతోనే అంకె మారుతుంది.

మిగిల్చిన డబ్బుతో, శ్రద్ధతో చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. అమ్మగారికి షుగర్ ఉందన్నారు. అదుపులోనే ఉందని నోటిమాటగా అనుకోవద్దు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది 7.5, 8 దాటి ఉంటే చాలామంది సర్జన్లు ఆపరేషన్ వాయిదా వేసి ముందు దాన్ని దించమంటారు. ఇన్‌ఫెక్షన్ వచ్చిన మోకాలికి ఏ పూతా అడ్డం పడదు. పుచ్చిపళ్లు, పాదాల పగుళ్లలో పుండ్లు, మూత్రంలో మంట, ఇవేమైనా ఉంటే ముందే నయం చేయించండి. ఆ సర్జన్ ఏడాదికి ఎన్ని మోకాళ్లు చేస్తారో అడగడానికి మొహమాటపడకండి, మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. ఆయన చేయి బాగా తిరిగిన ఇంప్లాంట్ ఏదైతే అదే వేయించుకోవడం, ఆయనకు కొత్తదైన ఖరీదైనది బలవంతంగా పెట్టించడం కంటే మేలు.

ఆపరేషన్ అయ్యాక బిల్లులో ఇంప్లాంట్ బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు, ధర విడిగా ఉండాలి, ఇది కూడా ఎన్‌పీపీఏ ఉత్తర్వులోనిదే. ఇంప్లాంట్ పెట్టెల మీది స్టిక్కర్లను థియేటర్‌లో కేస్ షీటుకు అంటిస్తారు. రెండు మోకాళ్లవీ, ప్లాస్టిక్ దిమ్మదీ కలిపి, వాటి నకలు అడిగి తీసుకోండి. 2010లో ఒక రకం లోహపు తుంటి కీళ్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నప్పుడు, మన దేశంలో చాలామందికి తమ ఒంట్లో ఉన్నది అదో కాదో తేల్చుకోవడానికే ఏళ్లు పట్టింది. డిశ్చార్జి రోజు హడావిడిలో మరిచిపోతారు, ముందు రోజే అడగండి.